బైపాసు తరువాత నీరసం: రక్తం లెక్క ఏది, నాడి లెక్క ఏది?

బైపాసు శస్త్రచికిత్స చేయించుకుని ఇంటికి వచ్చిన మనిషి, నెల గడిచినా నాలుగడుగులు వేయలేక అరుగు మీద కూలబడితే మన ఇళ్ళలో వినిపించే మాట ఒకటే: “అంత పెద్ద ఆపరేషను కదా, నీరసం ఉండదా?” ఈ మాట మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. నీరసం రోగలక్షణమే గాని రోగనిర్ణయం కాదు. జ్వరం వచ్చినవాడికి ‘జ్వరం’ అని పేరుపెట్టి ఊరుకోము కదా! మలేరియానా, టైఫాయిడా అని వెదకుతాము. బైపాసు తరువాతి నీరసానికి మాత్రం ఆ మర్యాద దక్కడం లేదు.

నా దగ్గరకు వచ్చిన ఒక ఫైలు సంగతి చెబుతాను. ఖాజీపేట మండలంలో కె.సి. కాలువ కింద వరి, పసుపు పండించే రైతు. వయస్సు 64. పదేళ్ళుగా మధుమేహం. మూడు హృద్ధమనులలో పూడికలు ఉన్నాయని తేలగా, ఒక నగరంలో బైపాసు జరిగింది. శస్త్రచికిత్సలో లోపమేమీ లేదు. కుట్లు చక్కగా మానాయి. పదకొండవ రోజున ఇంటికి వచ్చారు. ఆ తరువాత మూడు వారాలపాటు ఆయనకు ‘నీరసం’.

“మా నాయనకు సత్తువ లేదు సార్. నాలుగడుగులు నడిస్తే ఎగపోస్తాండాడు,” అని కొడుకు ఊరిలోని ఆర్.ఎం.పి.కి చెప్పాడు. మూడు దఫాలుగా సెలైను ఎక్కించారు. రొమ్ము ఎముక నొప్పికి డైక్లోఫినాక్ సూదులు వేశారు. రక్తం తక్కువగా ఉందని ఎవరో కళ్ళు చూసి చెప్పారు. అది నిజమే. ఇంటికి వచ్చిన పెద్దమనిషి ఒకరు మందుల పెట్టె చూసి, “రగతం తక్కువుండే మనిషికి రగతం పల్చబడే మాత్రలు ఎవురన్నా ఇస్తారా? ఆపేయండబ్బా,” అన్నారు. ఆపేశారు. ఎనిమిది రోజుల తరువాత ఒక ఉదయం కుడిచేతిలోని కాఫీ గ్లాసు జారిపోయింది. ఏమయిందని అడిగితే మాట రాలేదు.

వారు నా దగ్గరకు వచ్చింది ఆ తరువాత. ఫైలు తెరిస్తే అంతా అందులోనే ఉంది. నాలుగవ పుటలో, చిన్న అక్షరాలలో, ఇంగ్లీషులో: శస్త్రచికిత్స జరిగిన మూడవ రోజున కర్ణికా ప్రకంపనం, ఒకటిన్నర రోజు తరువాత మామూలు లయకు తిరిగి వచ్చింది. ఆఖరి పుటలో పరీక్షల పట్టికలో: హిమోగ్లోబిన్ 8.6. ఈ రెండు వాక్యాలను ఆ కుటుంబానికి తెలుగులో చెప్పిన వారు ఒక్కరూ లేరు. ఆసుపత్రిలో చెప్పలేదు, ఊరిలో చదవలేదు.

ముందుగా రక్తం సంగతి. బైపాసు చేయించుకున్న వారిలో దాదాపు అందరికీ ఎంతో కొంత హిమోగ్లోబిన్ పడిపోతుంది. కోతలో రక్తం పోతుంది. గుండె–ఊపిరితిత్తుల యంత్రం వాడితే, దాని గొట్టాలను నింపిన లీటరుకు పైబడిన ద్రవం రక్తంలో కలిసి దానిని విరివిగా పలుచన చేస్తుంది. ఇంటెన్సివ్ కేర్‌లో రోజుకు పలుమార్లు పరీక్షలకు తీసే రక్తం కూడా తక్కువేమీ కాదు. ఇవన్నీ కనిపించే కారణాలు. కనిపించనిది మరొకటి ఉంది. పెద్ద కోత జరిగినపుడు శరీరమంతటా తాపప్రక్రియ చెలరేగుతుంది. అపుడు కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా విడుదల చేస్తుంది. అది ప్రేగులు ఇనుమును గ్రహించకుండా అడ్డుపడుతుంది, శరీరంలో ఉన్న నిలువలకు కూడా తాళం వేస్తుంది. ఎముకల మూలుగకు కొత్త రక్తకణాలు తయారు చేయాలని ఉన్నా ముడిసరుకు అందదు. అందుకే ఆపరేషను అయిన మొదటి వారాలలో ఇనుము మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ మొండికేస్తుంది.

దీని అర్థమేమిటో ఒక లెక్కతో చూడండి. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోస్తుంది. డెసిలీటరుకు 14 గ్రాములు ఉన్న మనిషిలో లీటరు రక్తం దాదాపు 190 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోస్తే, 8.6 ఉన్న మన రైతులో అది 115 దాకా మాత్రమే. బండి సరుకు తగ్గితే రావలసిన సరుకు కోసం బండి ఎక్కువసార్లు తిరగాలి. ఆ తిరగవలసిన బండి గుండె. ఎవరి గుండె? రొమ్ము ఎముకను చీల్చి, కొత్త రక్తనాళాలు అతికించి నెల కూడా కాని గుండె. విశ్రాంతి ఇవ్వవలసిన ఆ గుండెచేత రక్తహీనత రాత్రింబవళ్ళు అదనపు చాకిరీ చేయిస్తుంది.

పైగా మనలో చాలామంది ఆపరేషను బల్ల ఎక్కేనాటికే రక్తహీనులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పురుషులలో 13 కంటె, గర్భిణులు కాని స్త్రీలలో 12 కంటె తగ్గితే రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి అది ఉంది. అదే స్త్రీ అరవై ఏళ్ళు దాటి బైపాసుకు వెళ్తే కొత్తగా రక్తం పుట్టదు కదా! మధుమేహం ఉన్నవారిలో మూత్రాంగాలు దెబ్బతింటే రక్తకణాల ఉత్పత్తిని ప్రేరేపించే ఎరిత్రోపోయిటిన్ తగ్గుతుంది. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో విటమిన్ బి12 తగ్గవచ్చు. ఆస్పిరిన్ వాడేవారిలో జీర్ణాశయం నుంచి బొట్టుబొట్టుగా రక్తం పోతూ ఉండవచ్చు. ఒక పెద్ద వయస్సు మనిషికి ఇనుము లోపం ఉంటే, పెద్దప్రేగులో కంతి ఉందేమో కూడా చూడాలి. ఇన్ని కారణాలున్న చోట “రక్తం తక్కువ, టానిక్ తాగండి” అని చేతులు దులుపుకోవడం వైద్యం కాదు.

ఇక లయ. గుండె పై గదులను కర్ణికలంటారు. అవి ఒక్క తీరుగా ముడుచుకోవలసింది పోయి, నిమిషానికి 350 నుంచి 600 దాకా అస్తవ్యస్త విద్యుత్ ప్రేరణలతో అదిరిపోతూ ఉంటే అది కర్ణికా ప్రకంపనం. వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. బైపాసు చేయించుకున్న వారిలో ప్రతి ముగ్గురు, నలుగురిలో ఒకరికి ఇది కలుగుతుంది. ఎక్కువగా రెండవ రోజు నుంచి నాలుగవ రోజు లోపల. వయస్సు పెరిగేకొద్దీ అవకాశం ఎక్కువ. అంతకుముందు వాడుతున్న మెటొప్రొలాల్ వంటి బీటా అవరోధకాలను హఠాత్తుగా ఆపితే మరింత ఎక్కువ. యంత్రం లేకుండా, కొట్టుకునే గుండె మీదనే చేసే బైపాసులు మన దేశంలో ఎక్కువ. వాటిలో కూడా ఈ సమస్య మాయం కాదు. చాలామందిలో ఆరు వారాల లోపల లయ దానంతట అదే సర్దుకుంటుంది. ఈ ‘దానంతట అదే’ అన్న మాటే మనల్ని ముంచుతోంది. ఆసుపత్రిలో సర్దుకున్న లయ ఇంట్లో మళ్ళీ తప్పవచ్చు. అప్పుడు మంచం పక్కన మానిటరు ఉండదు. అదిరే కర్ణికలో రక్తం నిలువ ఉండి గడ్డకడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడు రక్తనాళంలో చిక్కుకుంటే పక్షవాతం. అందుకే శస్త్రచికిత్స తరువాత ప్రకంపనం వచ్చినవారిలో చాలామందికి, రక్తస్రావ భయాన్ని బేరీజు వేసి, గడ్డకట్టనీయని మందు సుమారు రెండు నెలలపాటు ఇస్తారు. ఆ తరువాత ఇ.సి.జి. చూసి, వయస్సు, మధుమేహం, రక్తపుపోటు లెక్కవేసి ఆపాలో కొనసాగించాలో నిర్ణయిస్తారు. ఆ నిర్ణయం గుండె వైద్యునిది. అరుగు మీద కూర్చున్నవారిది కాదు.

రక్తహీనతకూ లయభంగానికీ రోగి చెప్పే మాటలు ఒకటే కావడం ఇక్కడి చిక్కు. నీరసం, ఆయాసం, గుండెదడ, కళ్ళు తిరగడం. మనిషి చెప్పేది వింటే ఏది ఏదో తెలియదు. నాడి పట్టుకుంటే చాలావరకు తెలుస్తుంది. రక్తహీనతలో నాడి వేగంగా, కాని గడియారంలా ఒక తీరుగా కొట్టుకుంటుంది. ప్రకంపనంలో దెబ్బకూ దెబ్బకూ పొంతన ఉండదు. ఒకటి బలంగా, ఒకటి నీరసంగా, ఒకటి ముందు, ఒకటి వెనుక. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చునని మరచిపోకండి. రక్తహీనత గుండెను పరుగెత్తిస్తుంది, ఆ పరుగు ప్రకంపనంలో కీడును పెంచుతుంది. ప్రకంపనానికి ఇచ్చిన మందు, మోతాదు తప్పితే, రక్తస్రావం కలిగించి రక్తహీనతను పెంచుతుంది. ఒకదానిని చూసి రెండవదానిని చూడకుండా మందు ఇచ్చేవాడు, లేదా ఆపేవాడు, చీకట్లో కత్తి తిప్పుతున్నట్టే.

మన రైతును పడగొట్టినది, నన్నడిగితే, ఒక మాట. తెలుగులో రక్తహీనతను ‘రక్తం పలచబడింది’ అంటాము. గడ్డకట్టనీయని మందును ‘రక్తం పలచబరిచే మాత్ర’ అంటాము. వైద్యులము కూడా అలాగే అంటాము, సులభంగా ఉంటుందని. ఇక, ఇప్పటికే పలచబడిన రక్తాన్ని ఇంకా పలచబరిచే మందు ఎందుకు అని ఆ పెద్దమనిషికి తోచడంలో తప్పేముంది? ఆయన తర్కం సరైనదే. మాట తప్పు. ఆ మాత్రలు రక్తాన్ని పలుచన చేయవు. రక్తకణాల సంఖ్యను తగ్గించవు. రక్తం గడ్డకట్టే ప్రక్రియను మాత్రమే మందగింపజేస్తాయి. ఇకనుంచి మనమంతా వాటిని ‘గడ్డకట్టనీయని మందులు’ అనే అందాము. నా తోటి వైద్యులకు కూడా ఇదే నా విన్నపం.

రక్తహీనత తేలినపుడు ఆ మందు ఆపవలసిన సందర్భాలు లేకపోలేదు. రక్తం ఎక్కడినుంచైనా పోతున్నదా అన్నది తేల్చాలి. మలం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో ఉంటే అది జీర్ణాశయ రక్తస్రావం. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇనుము మాత్రలు వాడినా మలం నల్లబడుతుంది, కాని ఆ జిగట, ఆ వాసన ఉండవు. తేడా తెలియకపోతే వైద్యునికి చూపించండి. మీ అంతట మీరు ఇనుమునూ ఆపవద్దు, గడ్డకట్టనీయని మందునూ ఆపవద్దు. వార్ఫరిన్ వాడేవారు ఐ.ఎన్.ఆర్. పరీక్ష తప్పకుండా చేయించాలి. లయ కోసం అమియోడరోన్ కూడా ఇచ్చి ఉంటే అది వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతుంది కాబట్టి ఆ పరీక్ష ఇంకా తరచుగా అవసరం. తోటకూర, మునగాకు వంటి ఆకుకూరలు మానవలసిన పని లేదు. ఒక వారం రోజూ తిని మరుసటి వారం పూర్తిగా మానేయడమే చిక్కు తెస్తుంది. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ సూదులు, మాత్రలు మాత్రం ఈ రోగులకు ఇవ్వరాదు. నొప్పికి పారాసిటమాల్ చాలు.

సెలైను బాటిలు దగ్గరకు వద్దాము. అర లీటరు సెలైనులో ఉన్నది నీళ్ళు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. అందులో ఇనుము లేదు, హిమోగ్లోబిన్ లేదు, బలం లేదు. రక్తహీనుడి సిరలోకి దానిని ఎక్కిస్తే ఉన్న రక్తం ఇంకా పలుచనవుతుంది. గుండె బలహీనంగా ఉంటే ఆ నీరు ఊపిరితిత్తులలోకి చేరి ఆయాసం పెరుగుతుంది. ఇంట్లో “ఉప్పు తగ్గించండి” అని కూరలో చిటికెడు ఉప్పుకు కొట్లాడేవారు, డబ్బిచ్చి నాలుగున్నర గ్రాముల ఉప్పు నేరుగా రక్తంలోకి పోయించుకుంటారు! “కాని ఎక్కించాక మా నాయన లేచి కూర్చున్నాడు” అంటారు. రెండు గంటలు కదలకుండా పడుకోబెట్టి, పక్కన నలుగురు కూర్చుని, మంచి జరుగుతుందని ధైర్యం చెబితే ఎవరైనా లేచి కూర్చుంటారు. సెలైనుకు దానిలో భాగం లేదు. ఆర్.ఎం.పి.లను మాత్రమే అనడం న్యాయం కాదు. నా ఉద్యోగపు తొలి సంవత్సరాలలో, వరుసలో నిలబడ్డ రోగులను త్వరగా పంపించడానికి నేను కూడా సెలైను రాశాను. అడిగినవారికి కాదనలేక రాశాను. ఆ సిగ్గు నాకు ఉంది.

రెండవ మోజు రక్తం ఎక్కించడం. “రెండు బాటిళ్ళ రక్తం ఎక్కిస్తే సరిపోతుంది కదా సార్?” సరిపోదు. 2017లో వెలువడిన టి.ఆర్.ఐ.సి.ఎస్.–3 పరిశోధన దాదాపు 5,000 మంది గుండె శస్త్రచికిత్స రోగులలో జరిగింది. హిమోగ్లోబిన్ 7.5 కంటె తగ్గినపుడే రక్తం ఎక్కించిన వారికీ, ఇంకా పైన ఉండగానే ఎక్కించిన వారికీ మధ్య మరణాలలో, ఇతర ప్రమాదాలలో మొదటివారికి అధిక నష్టం కనిపించలేదు. ఎక్కించే రక్తం టానిక్ కాదు, అది ఒక అవయవ మార్పిడి వంటిది. ప్రాణం నిలబెట్టడానికి వాడాలి, బుగ్గలు ఎర్రబడటానికి కాదు. ఛాతీనొప్పి, తీవ్రమైన ఆయాసం, కొనసాగే రక్తస్రావం ఉంటే లెక్క మారుతుంది. అది ఆసుపత్రిలో తేల్చవలసిన లెక్క.

మరి చేయవలసినది? ఇనుము లోపమని ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ పరీక్షలతో తేలితే ఇనుము ఇవ్వాలి. మాత్రలు పనిచేయని తొలి వారాలలో సిర ద్వారా ఇవ్వవచ్చు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఐరన్ సుక్రోజ్ ఎక్కిస్తున్నారు. బైపాసు రోగికి కూడా సిరలో ఇనుము అవసరం రావచ్చునన్న ఊహ మాత్రం ఎవరికీ రాదు. మాత్రలు వాడేవారు వాటిని కాఫీ, టీలతోను, కాల్షియం మాత్రలతోను కలిపి వేసుకోకూడదు. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా నిలువల కోసం మూడు నెలలు కొనసాగించాలి. బీట్‌రూటు, దానిమ్మ ఎర్రగా ఉంటాయి గాని వాటిలో ఇనుము స్వల్పం. రంగు చూసి రక్తమనుకోవడం మన అమాయకత్వం. గుడ్డు, చేప, కోడి కార్జం, పప్పులు, చెనిక్కాయలు, ఆకుకూరలు, వాటితో నిమ్మకాయ. “పప్పు తింటే చీము పడుతుంది” అన్న పథ్యం మన ఇళ్ళలో ఇంకా నడుస్తోంది. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి. నెలరోజులు చారన్నం పెట్టి మనిషిని ఎండబెట్టి, తరువాత నీరసమంటే ఏమి చెప్పను?

తెలుగు ఇళ్ళలో బైపాసు అన్న మాట బాగా వినిపించడం 1984లో మొదలయింది. ఎన్.టి. రామారావు గారు అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకుని వచ్చిన కొద్ది రోజులకే, ఆగస్టు 16న, పదవి కోల్పోయారు. చక్రాల కుర్చీలో రాష్ట్రపతి భవనానికి వెళ్ళారు, తిరిగి సెప్టెంబరు 16న ముఖ్యమంత్రి అయ్యారు. బైపాసు అయితే నెలలో ఊళ్ళు తిరగవచ్చునన్న నమ్మకం అప్పుడు పుట్టి ఉంటుంది. ఆయన చుట్టూ ఎప్పుడూ వైద్యులు ఉండగలిగారు. పెన్న ఇవతల పల్లెలో రైతు చుట్టూ ఎవరున్నారు? 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, అంతకుముందు ఊహకు అందని శస్త్రచికిత్స పేదవాడికి దక్కింది. అది చిన్న మేలు కాదు. పులివెందులలో స్వయంగా వైద్యం చేసిన ముఖ్యమంత్రి తెచ్చిన పథకమది. కాని మనం ఆపరేషనును లెక్కించడం నేర్చుకున్నాము గాని ఆ తరువాతి తొంభై రోజులను లెక్కించడం నేర్చుకోలేదు. తిరుపతి, వేలూరు, హైదరాబాదుల నుంచి బస్సు దిగిన మనిషికి మైదుకూరులోనో ప్రొద్దుటూరులోనో ఒక రక్తపరీక్ష, ఒక ఇ.సి.జి. చేయించడం ఎవరి బాధ్యత? శస్త్రవైద్యుడు తన పని అయిందనుకుంటాడు. ఊరి వైద్యుడు పెద్దాసుపత్రి చూసుకుంటుందనుకుంటాడు. రోగి ఈ ఇద్దరి మధ్య మంచం మీద ఉంటాడు.

అందుకని నేను అడిగేది ఇది. ఇంటికి పంపేటపుడు ఆసుపత్రి ఒక తెలుగు కాగితం ఇవ్వాలి. అందులో మూడే మాటలు: ఇంటికి పంపిన రోజు హిమోగ్లోబిన్ ఎంత, లయ తప్పిందా లేదా, గడ్డకట్టనీయని మందు ఏ తేదీ వరకు. ఇవ్వకపోతే మీరు అడగండి. అడగడానికి జంకవద్దు. తరువాతి పరీక్షలకు మీ కార్డు మీద ఏమి దొరుకుతుందో ఆరోగ్యమిత్రను నిలదీసి తెలుసుకోండి. ఇంటికి వచ్చిన రెండు వారాలకు, ఆరు వారాలకు రక్తకణాల పరీక్ష, ఇ.సి.జి. చేయించండి. రక్తం తక్కువగా ఉంటే క్రియాటినిన్, ఫెరిటిన్, బి12 కూడా.

నాడి మీరే చూడండి. రోగి అయిదు నిమిషాలు కూర్చున్నాక, బొటనవేలి కింద మణికట్టు మీద మూడు వేళ్ళు ఉంచి నిండు నిమిషం లెక్కించండి. పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేస్తే లయ తప్పడం తెలియకపోవచ్చు. విశ్రాంతిలో 100 దాటుతున్నా, దెబ్బలు పొంతన లేకుండా ఉన్నా అదే రోజు ఇ.సి.జి. తీయించండి. 120 దాటి ఆయాసం, ఛాతీనొప్పి, స్పృహ తప్పడం ఉన్నా, మూతి వంకరపోయినా, మాట తడబడినా, చేయి పడిపోయినా 108కి ఫోను చేయండి. సెలైను కోసం ఎవరినీ పిలవకండి.

ఆ రైతుకు మాట కొంత తిరిగి వచ్చింది. కుడిచేయి రాలేదు. ఎడమచేతితో సంగటి తింటున్నారు. ఇనుము సిరలోకి ఎక్కించాక హిమోగ్లోబిన్ 12 దాటింది. గడ్డకట్టనీయని మందు మళ్ళీ వాడుతున్నారు. కోడలు తొమ్మిదవ తరగతి వరకు చదివింది. రోజూ ఉదయం మామగారి నాడి లెక్కించి గోడ మీది క్యాలెండరులో తేదీ పక్కన రాస్తుంది. కిందటిసారి వచ్చినపుడు ఆ క్యాలెండరు కాగితాలు చింపి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఒక తేదీ చుట్టూ గుండ్రంగా గీత గీసి ఉంది. “ఆ పొద్దు తప్పినట్టనిపించింది సార్, మైదుకూరికి పిల్చకపోయి తీయించినాం,” అంది. ఆ ఇ.సి.జి. కూడా తెచ్చింది. లయ నిజంగానే తప్పి ఉంది.